బొమ్మల కథలు – పెద్దల తీర్పు

క్రొత్త వినోదమేది వచ్చినను పెద్దలు మొదట శంకింతురు. పిల్లలు చెడిపోవుదురేమో అను భయము ప్రేమ నుండి పుట్టినదే. కావున దానిని నిందింపరాదు. కాని భయమే తీర్పు చెప్ప మొదలిడినచో సత్యమునకు చోటుండదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అమెరికాలో జరిగిన ఒక వృత్తాంతము ఇందుకు నిదర్శనము.

1945లో యుద్ధము ముగిసెను. ఆనాటి అమెరికా బాలబాలికలకు కామిక్సు అను బొమ్మల కథల పుస్తకములు ప్రాణప్రదములు. వెల పది సెంట్లు మాత్రమే. నెలకు కోట్లకొలది ప్రతులు అమ్ముడుపోయెడివి. పిల్లలు తమ చేతి డబ్బుతో తామే కొని, ఒకరితో ఒకరు మార్చుకొని చదివెడివారు. వానిలో హాస్యకథలుండెను, సాహసకథలుండెను; క్రూరహత్యలను కన్నులకు కట్టినట్లు చూపెడి పుస్తకములును లేకపోలేదు.

బాలురలో నేరప్రవృత్తి పెరుగుచున్నదను ఆందోళన ఆ దినములలో దేశమంతట వ్యాపించెను. ఈ పుస్తకములే దానికి కారణమని పలువురు తలచిరి. 1948లో వెస్టు వర్జీనియాలోని స్పెన్సరు పట్టణమున విద్యార్థులే ఇంటింటికి తిరిగి, పుస్తకములు ప్రోగుచేసి నిప్పంటించిరి. మంచివేవో, చెడ్డవేవో నిప్పు ఎంచి చూచునా?

ఈ పుస్తకములను ఖండించినవారిలో ముఖ్యుడు డాక్టరు ఫ్రెడరిక్ వర్థాము అను మానసిక వైద్యుడు. ఆయన దుర్జనుడు కాడు. 1946లో న్యూయార్కు నగరమందలి హార్లెములో నల్లజాతి పేదలకొఱకు వైద్యశాలను నెలకొల్పినవారిలో ఒకడు. పాఠశాలలలో జాతి వేర్పాటు పిల్లల మనస్సులకు హాని చేయునని న్యాయస్థానమున సాక్ష్యమిచ్చినవాడు. అట్టివాడు 1954లో ఒక గ్రంథము వ్రాసి, బొమ్మల కథలు బాలురను నేరములకు పురికొల్పుచున్నవని చాటెను. ఆ యేడే సెనేటు ఉపసంఘము విచారణ జరిపెను. ప్రకాశకులు భయపడి తమకు తామే కఠిన నియమావళిని విధించుకొనిరి. అనేక పత్రికలు ఆగిపోయెను. చిత్రకారులెందఱో జీవనోపాధిని కోల్పోయిరి. పిల్లలకు హానికరములగు ప్రచురణలను అరికట్టుటకు 1956లో మన పార్లమెంటు కూడ ఒక చట్టము చేసెను.

నిజము నిలకడమీద తెలియునందురు. వర్థాము మరణించిన తరువాత ఆయన కాగితములు అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమునకు చేరినవి. 2010లో పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చినవి. కేరల్ టిల్లీ అను విదుషి వానిని ఆయన గ్రంథముతో పోల్చి చూచి, 2012లో తన పరిశోధనమును ప్రకటించెను. వర్థాము కొందఱు పిల్లల వయస్సులను, మాటలను మార్చినట్లును, ఇంటిలోని హింస వంటి ఇతర కారణములను విడిచిపెట్టినట్లును తేలెను. ఆ నియమావళియు 2011 నాటికి మూలబడెను.

ఆ పుస్తకములన్నియు మంచివేయని దీని అర్థము కాదు. పసివారి చేతికి రాదగనివి కొన్ని యుండెను. అయినను మంచి యుద్దేశము అసత్యమునకు అనుమతి కాజాలదు. ఇంట దెబ్బలు తిను బాలుని చేతిలోని పుస్తకమును చూచి, వీపుమీది వాతలను చూడకపోవుట ఎట్టి న్యాయము? అసత్యమువలన కలిగిన పెద్ద నష్టమిదియే: నిజమైన కారణము మరుగుపడినది.

కావున పెద్దలు నిషేధించుటకు ముందు తాము చదివి చూడవలెను. పిల్లల మాటయు వినవలెను. పిల్లలును తమకు నచ్చినది ఏల నచ్చినదో చెప్పగలిగి యుండవలెను. పదిమంది వేసిన మంటలో తామొక పుల్ల వేయుటకు ముందు, అందు కాలుచున్నదేమో తెలిసికొనవలెను.