ఐ-20 వచ్చింది సరే, కిస్తీ ఎవరిది?

మా వైపు మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇంటికి రెండు కాగితాలొస్తాయి. గుంటూరు యార్డులో మిర్చి అమ్మిన చీటీ ఒకటి, పిల్లల ఐ-20 ఇంకొకటి. మొదటిది చూసి మొహాలు ముడుచుకుంటాం, రెండోది చూసి స్వీట్లు పంచుతాం. ఐ-20 అంటే సీటు ఇచ్చినట్టు అమెరికా యూనివర్సిటీ పంపే కాగితం. ఏడాదికి ఖర్చెంతో, ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా అందులో రాసుంటుంది. యూనివర్సిటీ ఇచ్చేది ఎంత అన్నచోట సున్నా ఉందంటే మిగతాదంతా మన నెత్తినే. ఆ సున్నా గురించి మాత్రం ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

ఫండింగ్ లేకపోతే ఎం.ఎస్. మానెయ్యమని నేను చెప్పను. అది చదువుతోపాటు అప్పు తెచ్చి పెట్టే వ్యాపారం కూడా అని ఒప్పుకుని మాట్లాడుకోవాలంటాను. నా మటుకు నేను ఒక గీత గీసుకున్నాను. అక్కడ ఉద్యోగం దొరక్క పిల్ల వెనక్కొచ్చి హైదరాబాదులో చేరినా, ఆ జీతంతో తీర్చగలిగినంత అప్పే చెయ్యాలి. అంతకు మించితే ఆగాలి.

లెక్క వేసి చూడండి. నలభై లక్షలు, 11 శాతం వడ్డీ అనుకుందాం. చదివే రెండేళ్లూ, ఆ తర్వాత ఆర్నెల్లూ కిస్తీ కట్టక్కర్లేదంటారు. కట్టక్కర్లేదన్నారని వడ్డీ ఊరుకోదు కదా! ఏడాదికి 4 లక్షల 40 వేల చొప్పున రెండున్నరేళ్లకు 11 లక్షలు చేరి, కిస్తీ మొదలయ్యేనాటికి అప్పు 51 లక్షలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 70 వేలు. అదే ఊళ్లో నూటికి రెండు రూపాయలకు తెస్తే వడ్డీకే ఏడాదికి 9 లక్షల 60 వేలు పోతాయి.

చదువయ్యాక అక్కడ పని చేసుకోవడానికి ఏడాది, ఇంజనీరింగు, సైన్సు వాళ్లకైతే మరో రెండేళ్లు అనుమతి ఉంటుంది. ఆ తర్వాత హెచ్-1బి లాటరీ తగలాలి. ఏడాదికి 65 వేల వీసాలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20 వేలు. అన్ని దేశాలవాళ్లూ ఆ లాటరీలోనే ఉంటారు. అంటే గట్టిగా ఉన్నది మూడేళ్ల అనుమతి, అప్పు చూస్తే పదేళ్లది. పార్ట్ టైం చేసి ఫీజు కట్టుకుంటారులే అనేవాళ్లకు కూడా ఒక మాట. క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే, అదీ క్యాంపస్ లోపలే. బయట బంకులోనో హోటల్లోనో చేస్తే వీసాకే ఎసరు.

మనకు అప్పు కొత్త కాదు. 1987-88లో పత్తికి తెల్లదోమ పట్టి గుంటూరు, ప్రకాశం రైతులు పురుగుమందు తాగి చనిపోయిన కథలు వింటూ పెరిగిన తరం మాది. 2021లో మిర్చికి నల్ల తామరపురుగు వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోతే కేంద్రం క్వింటాకు 11,781 రూపాయలని నిర్ణయించాల్సి వచ్చింది. రెండేళ్ల ముందు ఇరవై వేలు పలికిన సరుకది. అందుకే "ఈ భూమిని నమ్ముకుని ఏం చేస్తాం, అమ్మేసి పిల్లల్ని పంపిద్దాం" అని మగవాళ్లంటే చటుక్కున కాదనలేం. కానీ పంట పోతే మరుసటి ఏడు ఇంకో పంట వేస్తాం. భూమే అమ్మేశాక వేయడానికి ఏముంటుంది?

అమ్మకం మాట ఎందుకొస్తుందంటే, విద్యా రుణానికి పొలం కాగితాలు హామీగా చాలా బ్యాంకులు తీసుకోవు. 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అప్పు ఎగ్గొడితే ఇంటిని వేలం వేసినంత తేలిగ్గా పొలాన్ని వెయ్యలేరు. కాబట్టి టౌన్లో ఇల్లు ఉంటే దాన్ని తాకట్టు పెట్టాలి, లేదా పొలం అమ్మాలి. అమ్మకానికి ముందు వరసలో నిలబడేది ఇల్లాలి పేరున్న పొలమే, గమనించారా? పుట్టింటి ఊళ్లో ఎక్కడో దూరంగా ఉంటుంది, కౌలు సరిగ్గా రాదు, కొనుక్కోవడానికి అన్నదమ్ములు ఉండనే ఉంటారు.

నాకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం పర్చూరు దగ్గరుంది. నల్లరేగడి. నిరుడు మా అమ్మాయికి సీటొచ్చినప్పుడు ఇంట్లో మొదట అందరికీ గుర్తొచ్చింది అదే. నేను కాగితం, పెన్ను తెచ్చుకుని కూర్చుంటే మా అమ్మాయి అడిగింది: "పెదనాన్న వాళ్ల అన్నయ్యకి ఎవరూ ఈ లెక్కలు వెయ్యలేదేం అమ్మా?"

నిజమే, వెయ్యలేదు. కొడుక్కైతే "పెళ్లి చేస్తే కట్నంతో తీరుద్దిలే" అని పైకే అంటారు. 1961 నుంచి కట్నం నేరమన్నది ఎవరికీ పట్టదు. కూతురికైతే "నెత్తిన అప్పున్న పిల్లను ఎవరు చేసుకుంటారు" అని నసుగుతారు. జాగ్రత్త అంతా ఆడపిల్ల దగ్గరే గుర్తొస్తే తనకు ఒళ్లు మండదూ? లెక్క కూతురికి వేస్తే కొడుక్కీ వెయ్యాలి. వాడి అప్పు ఇంకో ఆడపిల్ల పుట్టింటివాళ్లు తీరుస్తారన్న ఆశ అందులో కలపకూడదు.

డబ్బుల్లేకుండా వెళ్లి గొప్పవాళ్లు కాలేదా అని మా ఆయన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరెత్తారు. భీమవరంలో పుట్టిన ఆయన వందేళ్ల కిందట మామగారి సాయంతో హార్వర్డుకు వెళ్లారు. స్కాలర్‌షిప్ దొరక్క ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. తర్వాత మందుల పరిశోధనలో ఎంత పేరు తెచ్చుకున్నారో పిల్లల పాఠాల్లో చదివిందే. మరి భార్య శేషగిరి గారి సంగతి? ఉన్న ఒక్క కొడుకూ పసితనంలోనే పోయాడు. ఆయన మళ్లీ ఈ దేశం రానేలేదు, 1948లో అక్కడే కన్నుమూశారు. ఆ చదువుకు వాళ్ల నాన్న పెట్టినదానికంటే ఆవిడ పెట్టిందే ఎక్కువ అన్నాను. మా ఆయన పేపరు తీశారు.

ఇంకో భయం కూడా ఉంది. వెళ్లాలన్న ఆత్రంలో ఏ కాలేజీ అయినా మంచిదిగానే కనపడుతుంది. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. 2019లో బయటపడిన ఫార్మింగ్టన్ అయితే అక్కడి అధికారులే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. పాఠం చెప్పే మనిషే లేడు. పట్టుబడినవాళ్లలో మన తెలుగువాళ్లే ఎక్కువ.

ఫండింగ్ దారులు ఇరుకే గానీ ఉన్నాయి. పీహెచ్‌డీకైతే ఫీజు మాఫీ చేసి నెలనెలా డబ్బిచ్చే యూనివర్సిటీలున్నాయి, ఎం.ఎస్.కి అరుదు. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు లేదు గానీ, ఏడాది ఖర్చుకని 11,904 యూరోలు ఖాతాలో చూపించాలి. ఇక్కడే గేట్ రాసి ఎం.టెక్.లో చేరితే నెలకు 12,400 వస్తుంది. విదేశీ చదువుకు కేంద్రమిచ్చే జాతీయ స్కాలర్‌షిప్పులు 125. ఎక్కువ భాగం ఎస్సీ పిల్లలకు, భూమిలేని కూలీలకూ చేతివృత్తులవారికీ కలిపి నాలుగు. దేశం మొత్తానికి నాలుగు! మా మిరపకోతకు వచ్చే ముఠాలోనే అంతకంటే ఎక్కువమంది పిల్లలు డిగ్రీ చదువుతున్నారు.

మా అమ్మాయి రెండ్రోజులు అలిగింది. తర్వాత తనే యూనివర్సిటీకి రాసి సీటు ఏడాదిపాటు వాయిదా వేయించుకుంది. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, రాత్రిళ్లు అసిస్టెంట్‌షిప్ కోసం ప్రొఫెసర్లకు మెయిళ్లు పెడుతోంది. ముగ్గురు జవాబిచ్చారు, ఒకాయన ఇంకోసారి మాట్లాడదామన్నాడు. వస్తే వస్తుంది. రాకపోతే తను దాచుకున్న జీతం పోను అప్పు 15 లక్షలు దాటని కాలేజీ చూసుకోవాలని ముగ్గురం కూర్చుని ఒప్పుకున్నాం. అప్పుడు కిస్తీ పాతికవేల పైచిలుకు, అది ఇక్కడి జీతంతోనూ కట్టుకోవచ్చు. ఆ ఎకరంలో ఈ ఏడు మిర్చి మాని శనగ వేయిద్దామంటున్నారు మా ఆయన, పెట్టుబడి తక్కువని.