డిస్కో చావలేదు, తీన్మార్ లొల్లి కాదు

మన సాఫ్ట్‌వేర్ జనాల్లో ఒక విచిత్రమైన జబ్బు ఉంది. శుక్రవారం రాత్రి గచ్చిబౌలి పబ్బులో "హౌస్ నైట్" అంటే వేలకు వేలు పోసి మరీ గంతులేస్తాం. ఆదివారం ఊళ్ళో పెళ్ళికెళ్తే బరాత్‌లో డీజే బండి కనపడగానే మొహం చిట్లించి "ఛీ, ఇదేం సంగీతం, ఒకటే లొల్లి" అంటాం. మొదటిది కల్చరట, రెండోది న్యూసెన్సట! ఈ రెండిటి పుట్టుకా దాదాపు ఒకటే అంటే నవ్వుతారేమో. నవ్వండి, కానీ కాస్త చరిత్ర విన్నాక నవ్వండి.

డిస్కో అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? 1982 నాటి డిస్కో డాన్సర్‌లో మిథున్ చక్రవర్తి, 1986లో సింహాసనంతో తెలుగులోకి దిగిన బప్పీలహరి, తిరిగే అద్దాల బంతి, తళుకుల చొక్కాలు. అదంతా పైన తేలిన నురగ. అసలు డిస్కో న్యూయార్క్‌లో గుట్టుగా పుట్టింది. ఇద్దరు మగవాళ్ళు కలిసి డాన్సు చేస్తే పోలీసులు బార్ల మీద దాడి చేసే రోజులవి. 1970 ఫిబ్రవరి 14న డేవిడ్ మన్‌కూసో అనే ఆయన తను ఉండే ఇంట్లోనే పార్టీ పెట్టాడు. దానికే తర్వాత లాఫ్ట్ అని పేరొచ్చింది. పిలిచినవాళ్ళే రావాలి, మందు అమ్మరు, మంచి సౌండ్ సిస్టం, తెల్లారేదాకా పాటలు. వచ్చేవాళ్ళలో నల్లవాళ్ళు, లాటినోలు, స్వలింగ ప్రేమికులు ఎక్కువ. బయట ఎక్కడా చోటు లేనివాళ్ళకి అక్కడ చోటు దొరికింది.

తర్వాత డిస్కో రేడియోకెక్కింది, సినిమాకెక్కింది, కంపెనీలకి కాసులు కురిపించింది. దాంతోపాటే కడుపుమంట కూడా మొదలైంది. 1979 జులై 12న షికాగోలోని కామిస్కీ పార్క్ బేస్‌బాల్ స్టేడియంలో స్టీవ్ డాల్ అనే రేడియో జాకీ ఒక తమాషా ఏర్పాటు చేశాడు. ఒక డిస్కో రికార్డు తెస్తే 98 సెంట్లకే టికెట్. తెచ్చిన రికార్డులన్నీ మైదానం మధ్యలో పెట్టి పేల్చేశాడు. జనం మైదానంలోకి దూకి చేసిన రభసకి రెండో మ్యాచ్ ఆగిపోయింది. ఆ రోజు అక్కడ టికెట్లు చూసే పని చేసిన నల్లజాతి కుర్రాడు విన్స్ లారెన్స్ తర్వాత చెప్పిందేంటంటే, జనం తెచ్చినవాటిలో డిస్కో కాని రికార్డులు కూడా చాలా ఉన్నాయట. అవి నల్లవాళ్ళు పాడినవి, అంతే. అంటే అక్కడి గొడవ ఒక్క సంగీతం మీదే కాదన్నమాట.

డిస్కో పని అయిపోయిందన్నారు. అదే షికాగోలో వేర్‌హౌస్ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకల్స్ అనే డీజే 1977 నుంచీ పాటలు వేస్తూనే ఉన్నాడు. కొత్త డిస్కో రికార్డులు రావడం తగ్గిపోతే ఏం చేశాడు? పాతవాటినే టేపు మీద కోసి, అతికి, సాగదీసి, కింద డ్రమ్ మెషీన్ దరువు కలిపాడు. మన భాషలో చెప్పాలంటే, కంపెనీ సపోర్ట్ ఆపేసిన ప్రాజెక్టుని ఫోర్క్ చేశాడు :) ఆ వేర్‌హౌస్ పేరులోంచే "హౌస్" వచ్చింది. ఆ విన్స్ లారెన్స్ కూడా ఊరుకోలేదు. 1984లో జెస్సీ సాండర్స్‌తో కలిసి "ఆన్ అండ్ ఆన్" చేశాడు, తొలి హౌస్ రికార్డుల్లో అదొకటి. మరి గెలిచిందెవరు? 2004లో షికాగో నగరం ఒక వీధికి ఫ్రాంకీ నకల్స్ పేరు పెట్టింది. 2023లో ఆ వేర్‌హౌస్ భవనాన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించింది.

మన దేశంలో ఏం జరిగిందో కూడా వినండి. బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లో రోలండ్ కంపెనీ టీబీ-303, టీఆర్-808 యంత్రాల మీద పది రాగాలని డిస్కో దరువుకి వాయించి ఒక రికార్డు వేశాడు. అదే టీబీ-303తో షికాగో కుర్రాళ్ళు "యాసిడ్ ట్రాక్స్" విడుదల చేసింది 1987లో. ఐదేళ్ళ ముందే మనవాడు ఆ శబ్దం దాకా వెళ్ళాడు, మనం పట్టించుకోలేదు. 2010లో విదేశీయులు మళ్ళీ విడుదల చేస్తే అప్పుడు మనకి గర్వం పొంగుకొచ్చింది. మనది మనకి నచ్చాలంటే ముందు బయటివాడు మెచ్చుకోవాలి, అదీ మన సంగతి.

ఇప్పుడు మా వర్ధన్నపేట సంగతికొస్తా. వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద ముహూర్తాల సీజన్లో ఏ రాత్రయినా ఆగి చూడండి. ఒక బండి, దాని నిండా సౌండ్ బాక్సులు, ఒక ల్యాప్‌టాప్, దాని వెనక ఓ పిల్లోడు. జానపద పాట తీసుకుంటాడు, గొంతు ఉంచుతాడు, వేగం పెంచుతాడు, కింద తీన్మార్ దరువు వేస్తాడు. ఫ్రాంకీ నకల్స్ చేసింది ఇదే కదా? పైగా ఆ తీన్మార్ ఎక్కడిది? హైదరాబాద్ మర్ఫా దరువుల్లో ఒకటి. నిజాం కొలువులో పనిచేయడానికి హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా మూలాల సిద్దీలు తెచ్చిన వాద్యం మర్ఫా. ఏసీ గార్డ్స్ పేరులోని మొదటి అక్షరం ఆ ఆఫ్రికాదే. దానికి మన డప్పు తోడైంది. డప్పు మాదిగల వాద్యం. చావుకీ జాతరకీ కావాల్సొచ్చింది గానీ, కొట్టినవాణ్ణి మాత్రం గడప బయటే నిలబెట్టాం. "లొల్లి" అని మనం చీదరించుకునేటప్పుడు చెవికి నచ్చనిది శబ్దమేనా, లేక ఆ శబ్దం చేసే మనుషులా? ఒక్కసారి నిజాయితీగా ఆలోచించండి.

"మరి ఆ సౌండుకి ముసలాళ్ళ గుండెలు అదరట్లేదా?" అంటారు. అదురుతున్నాయి, అది తప్పే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట మైకులు పెట్టకూడదు. దీన్ని గట్టిగా అమలు చేయండి, నేనూ మీతోనే ఉంటా. కానీ 2024 అక్టోబర్ 1న హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలని నిషేధించినప్పుడు మనవాళ్ళు కొందరు చప్పట్లు కొట్టింది డెసిబెల్స్ గురించి కాదు, "ఆ లేకి సంగీతం పీడ వదిలింది" అని. డెసిబెల్‌కి మీటరుంది. లేకితనానికి ఏ మీటరుందో చెప్పండి!

ఇంకో అభ్యంతరం దీనికంటే బరువైంది. డీజే వచ్చాక డప్పు వాళ్ళకీ, బ్యాండు మేళం వాళ్ళకీ పని తగ్గింది. నిజమే. ఆ దరువులు వాయించిన చేతులకి రీమిక్స్‌లోంచి పైసా రాదు. కానీ దీనికి డీజే కుర్రాణ్ణి తిట్టి లాభం లేదు. వాడూ కూలీయే. పెళ్ళికి లక్షలు పోసేది మనం, ఎవరిని పిలవాలో తేల్చేది మనం. పువ్వుల డెకరేషన్‌కి బేరం లేకుండా ఇచ్చి, డప్పు వాళ్ళ దగ్గర ఐదొందలకి గీచి గీచి బేరమాడేదీ మనమే.

ఆ పిల్లలు పాట మధ్యలో "డీజే ఫలానా" అని తమ పేరు తామే అరిపించుకుంటారు. అది విని మనం నవ్వుతాం. ఇంకెవరూ వాళ్ళ పేరు ఎక్కడా రాయరు కాబట్టే వాళ్ళే చెప్పుకుంటున్నారు. షికాగో పేల్చిన సంగీతానికి అదే షికాగో పాతికేళ్ళకి వీధి పేరు ఇచ్చింది. మన దగ్గర వీధి పేర్లు అక్కర్లేదు గానీ, ఈసారి ఊళ్ళో పెళ్ళికెళ్తే మూడు పనులు చేయండి. సౌండ్ తగ్గించమని మర్యాదగా అడగండి. డప్పు దళాన్ని కూడా పిలిపించి అడిగినంత ఇప్పించండి. ఆ ల్యాప్‌టాప్ వెనకున్న తమ్ముడి పేరు కనుక్కోండి. ఆ తర్వాత కూడా నచ్చకపోతే నచ్చలేదనండి. సంగీతం కాదని మాత్రం అనకండి.