యూదు ద్వేషం: నిర్వచనమూ, మన నాలుకా

రాజమండ్రి నుంచి నరసాపురం వరకు గాజా కోసం దుఆకు చేతులెత్తని ముస్లిం కుటుంబం ఉండదు. ఆ వేదన న్యాయమైనది. అయితే ఆవేశంలో ‘ఇజ్రాయేలు ప్రభుత్వం’ అనవలసిన చోట ‘యూదులు’ అనే మాట మన నోట దొర్లుతూ ఉంటుంది. ఇది చిన్న పొరపాటు కాదు.

2016 మే 26న అంతర్జాతీయ హోలోకాస్ట్ స్మృతి కూటమి యూదు ద్వేషానికి ఒక నిర్వచనాన్ని ఆమోదించింది. దానికి జతచేసిన 11 ఉదాహరణల్లో 7 ఇజ్రాయేలుకు సంబంధించినవే. ఏ దేశంపైనైనా చేసే తరహా విమర్శ యూదు ద్వేషం కాదని ఆ పత్రమే చెబుతున్నా, ఆచరణలో అది పాలస్తీనా పక్షాన మాట్లాడేవారి నోరు నొక్కే సాధనమైంది. తొలి ముసాయిదా రచనకు సారథ్యం వహించిన కెన్నెత్ స్టెర్న్ సైతం, విశ్వవిద్యాలయాల్లో భావప్రకటనను అణచడానికి దానిని వాడరాదని అభ్యంతరం తెలిపారు. 2021లో 200 మందికి పైగా పండితులు, వారిలో ఎందరో యూదులు, జెరూసలేం ప్రకటన ద్వారా ప్రత్యామ్నాయం చూపారు: రాజ్యాన్ని విమర్శించడం వేరు, యూదులను యూదులైనందుకే ద్వేషించడం వేరు.

కనుక ఆ నిర్వచనాన్ని ప్రశ్నించే హక్కు మనకుంది. యూదు ద్వేషమే లేదనే హక్కు మాత్రం లేదు. ‘అరబ్బులూ సెమిటిక్ జాతివారే’ అన్న వాదన ఇక్కడ నిలవదు. 19వ శతాబ్దపు జర్మనీలో ప్రచారంలోకి వచ్చిన నాటి నుంచీ ఆ పదానికి అర్థం యూదు ద్వేషమే. దాదాపు 60 లక్షల మందిని బలిగొన్న విషానికి వ్యుత్పత్తి విరుగుడు కాజాలదు.

మన పొరుగునే చూద్దాం. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపాన కొత్తరెడ్డిపాలెంలో ఎఫ్రాయీము వంశీయులమని చెప్పుకునే తెలుగు యూదులున్నారు. మాదిగ నేపథ్యం నుంచి వచ్చిన పేద కుటుంబాలవి. టెల్ అవీవ్‌లో తీసుకునే నిర్ణయాలకు వారు జవాబుదారులా?

2020లో ఒక తబ్లీగీ సమావేశాన్ని సాకుగా చేసుకుని దేశంలోని ముస్లింలందరిపై కరోనా నింద మోపారు. కొందరి పేరుతో అందరినీ దోషులను చేయడమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

అందుచేత ఖుత్బాలోనైనా, ఊరేగింపు బ్యానరుపైనైనా ప్రభుత్వాన్ని, సైన్యాన్ని, ఆక్రమణను వాటి పేర్లతోనే పిలుద్దాం. అప్పుడు మన విమర్శపై ద్వేషముద్ర వేయడం ఎవరికీ సులభం కాదు. అంతకన్నా ముఖ్యం, మనకు జరిగినప్పుడు అన్యాయమన్నదానిని మనం మరొకరికి చేయకుండా ఉంటాం.