దానం సరే, పాస్‌పోర్టు ఏది?

వాడరేవులో సాయంత్రాలు పిల్లలకు చదువు చెప్పే ఓ చిన్న సొసైటీ ఉంది. లెక్కలు ఒకసారి చూసిపెట్టమంటే వెళ్లాను. కార్యదర్శి గారు మంచం కింద నుంచి రేకుపెట్టె లాగి మినిట్స్ పుస్తకం తీశారు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను ఆ పెట్టెలోకి కూడా తొంగిచూసి పోయింది. కాగితాలు ఉబ్బి అప్పడాల్లా ఉన్నాయి. బాల్‌పెన్ను రాతలు నిలిచాయి, ఇంకు సంతకాలు నీలం మరకలయ్యాయి. రసీదు నకళ్లు అట్టలా అతుక్కుపోయాయి. "కాగితం తడిసింది గానీ పైసా తడవలేదండీ" అన్నారాయన. ఆయన మాట నేను నమ్ముతాను. ఆడిటర్ నమ్మడు, నమ్మకూడదు కూడా.

నా కళ్లు ఆగింది మాత్రం తడిసిన పుస్తకం మీద కాదు, బ్యాంకు పాస్‌బుక్‌లో ఒక వరుస మీద. యాభై వేలు జమ.

"ఇదెవరిది?"

"మా తమ్ముడిదండీ. డల్లాస్‌లో ఉంటాడు."

"అమెరికా పౌరసత్వం తీసుకున్నాడా?"

"ఎప్పుడో తీసుకున్నాడండీ. ఆ రోజు వీడియో కాల్‌లో మాక్కూడా కేకు చూపించాడు."

ఆ కేకు దగ్గరే వచ్చింది చిక్కు. తమ్ముడు ఇంకా మన పాస్‌పోర్టు మీదే ఉండి, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. గ్రీన్‌కార్డు ఉన్నా ఫరవాలేదు. పౌరసత్వం మారిందా, చేతిలో ఓసీఐ కార్డున్నా సరే, చట్టం దృష్టిలో అతను విదేశీ దాతే. అతని నుంచి సొసైటీ రూపాయి తీసుకోవాలన్నా 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉండాలి. అవి లేకుండా తీసుకోవడం ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడగల నేరం.

"మా అమ్మ కడుపున పుట్టినోడు విదేశీయుడెలా అవుతాడండీ?" అని ఆయన అడిగిన తీరు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "పోనీ, నా ఖాతాకు వేయించుకుంటే?" అన్నారు మళ్లీ. అన్నకు తమ్ముడు ఇంటి ఖర్చుకు పంపుకుంటే అది వేరు. సొసైటీ డబ్బును ఆ దోవన తిప్పమని మాత్రం నేను చెప్పను.

మరి రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు కదా అంటారు. సంస్థ పెట్టి మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో సేవా కార్యక్రమాల మీద కనీసం 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. ఈ సొసైటీ ఖర్చు ఏడాదికి లక్ష దాటదు. ఎలాగో రిజిస్ట్రేషన్ వచ్చినా, విదేశీ విరాళాల ఖాతా ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్‌లోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోనే తెరవాలి. ఏటా లెక్కలు డిసెంబరు 31లోగా పంపాలి.

సునామీ వచ్చిన 2004 డిసెంబరు 26 తర్వాత ఈ రేవుకు రోజులు వేరుగా నడిచాయి. పేర్లు కూడా నోరు తిరగని దేశాల నుంచి పడవలు, వలలు, ఇళ్లు వచ్చాయి. పట్నంలోని పెద్ద సంస్థ విదేశీ నిధి తీసుకుని, పల్లెలోని చిన్న సంస్థకు ఇంత ఇచ్చి పని చేయించేది. 2020 సెప్టెంబరు సవరణ ఆ దారి మూసేసింది. విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయడానికి వీల్లేదు. పాలనా ఖర్చుల పరిమితిని సగం నుంచి 20 శాతానికి దించారు. ఆ ప్రవాహంలో దొంగలు లేరని నేననను. పడవలు లేని వాళ్లకు పడవ రాలేదని, ఉన్నవాడికి రెండొచ్చాయని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ దొంగ కోసం వేసిన వల కన్ను మరీ సన్నమైంది. సొరచేప దాన్ని చించుకుపోతుంది, చిక్కేది కవళ్లే.

ఆదాయపు పన్ను సంగతి చెబితే కార్యదర్శి గారు ఇంకా డీలాపడ్డారు. దాతకు పన్ను మినహాయింపు తెచ్చే 80జీ అనుమతి ఉంటే జనం క్యూ కడతారని ఆయన ఆశ. 80జీ అనుమతి ఉన్న సంస్థ ఏ దాత ఎంతిచ్చాడో ఏటా మే 31లోగా తెలపాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. అసలు ఇవ్వకపోతే పదివేల నుంచి లక్ష దాకా జరిమానా వేయొచ్చు. ఏడాదంతా వచ్చిన విరాళాలు ఆరువేలైతే, జరిమానా మాత్రం పదివేల దగ్గర మొదలవుతుంది! రెండువేలు దాటిన నగదుకు దాతకు మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికైతే ఎలా ఇచ్చినా రాదు. ఇంతోటి దానికి ఆ సర్టిఫికెట్ వెంట పడటం నాకు వృథా ప్రయాసగానే తోస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 చట్టం. 12ఏ, 80జీ అని నోటికి పట్టించుకున్న సెక్షన్ల అంకెలన్నీ మళ్లీ మొదటికొచ్చాయి.

చట్టాన్ని తిట్టడానికి వీల్లేని తప్పు కూడా ఒకటి ఆ పెట్టెలో కనిపించింది. 2001 నాటి రాష్ట్ర సొసైటీల చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, పదిహేను రోజుల్లో కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. నాలుగేళ్లుగా ఇవ్వలేదు. చనిపోయిన కోశాధికారి కాగితాల్లో ఇంకా కోశాధికారే. ఇది ఢిల్లీ చేసింది కాదు, మన బద్ధకం.

మున్సిపల్ పన్ను కట్టబోమని 1921లో ఊరికి ఊరే ఖాళీ చేసి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట పదకొండు నెలలు పాకల్లో ఉన్న చీరాల ఇక్కడికి కూతవేటు దూరం. ఆనాడు ఎవరి మీద పోరాడుతున్నారో వాళ్లకు తెలుసు. ఈనాటి కార్యదర్శికి ఎదురుగా ఉన్నది ఇంగ్లీషులో ఒక వెబ్‌సైటు, ఫోన్‌కు వచ్చే ఓటీపీ. ఆ ఫారాలు తెలుగులో పెట్టి, బాపట్ల కలెక్టరేట్‌లో నెలకొక రోజు వీళ్ల కోసం ఒక మనిషిని కూర్చోబెట్టడం ప్రభుత్వానికి కష్టమేమీ కాదు.

ఆ యాభై వేలు ముట్టుకోవద్దని, ఆడిటర్ ద్వారా, విదేశీ విరాళాల వ్యవహారం చూసే కేంద్ర హోంశాఖకు జరిగింది జరిగినట్టు రాయమని చెప్పి వచ్చాను. తెనాలి, బాపట్ల, రేపల్లె నుంచి వెళ్లి పరాయి దేశాల్లో స్థిరపడి, ఊరి బడికో గుడికో పంపాలనుకునే వాళ్లకు ఒక మనవి: డబ్బు పంపే ముందు, మీ పాస్‌పోర్టు ఏ దేశానిదో ఒక్క ముక్క ఊరికి రాయండి.