ఎవరి డాక్టరు వారికి ముద్దు

చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నారు మన పెద్దలు. ఆ సామెత పుట్టిననాటికి సీరియళ్లు పుట్టివుండవు. వారం వారం ఒక కథ చెప్పడం మొదలుపెట్టి చూడండి, ఎవరికి ఎవరు లోకువో నాలుగు వారాల్లో తేలిపోతుంది. కథానాయికకి ఆ సంబంధం ఎందుకు చేశారని ఒకరు, చెయ్యకపోతే వూరుకునేది లేదని ఇంకొకరు, మొదట్లో వున్న పట్టు ఇప్పుడు సడలిపోయిందని మరొకరు ఉత్తరాలు రాస్తారు. రాసినవారెవరూ మరుసటి వారం పత్రిక చదవడం మానరు. మామూలుగా అలిగినవాడు అన్నం మానేస్తాడు. సీరియల్ మీద అలిగినవాడు మాత్రం రెండు ముద్దలు ఎక్కువే తింటాడు.

ఇటువంటి అలకల్లో నాకు ముచ్చటగా కనిపించేది ఇంగ్లండులో అరవయ్యేళ్లకి పైగా నడుస్తున్న అలక. దానికి కారణం బి.బి.సి. వారి ‘డాక్టర్ హూ’ అనే టెలివిజన్ కథ. 1963 నవంబరు 23, శనివారం సాయంత్రం అది మొదలైంది. ముందురోజే అమెరికాలో కెనెడీ హత్య జరిగింది. ఆ వార్త గందరగోళంలో కొత్త కథని పట్టించుకున్నవారు తక్కువ. అంచేత మరుసటి శనివారం మొదటి భాగాన్నే మళ్లీ వేసి, దాని వెనకే రెండోది వేశారు.

కథానాయకుడికి పేరు లేదు, వుత్త ‘డాక్టరు’. మనిషిలాగే వుంటాడుగాని ఈ భూమి మీదవాడు కాడు. వీధిలోంచి పోలీసులకి టెలిఫోను చేసుకోవడానికి వెనకటి రోజుల్లో బ్రిటన్ లో నీలం రంగు పెట్టెలు నిలబెట్టేవారు. అటువంటి పెట్టె ఒకటి ఆయన వాహనం. బయటికి మనిషి పట్టేటంత. తలుపు తీసి లోపలికి అడుగుపెడితే మహలు. వామనుడి గొడుగు కింద త్రివిక్రముడు వున్నాడన్నమాట. అందులో కూచుని ఆయన భూత భవిష్యత్తుల్లోకి, గ్రహాంతరాలకి తిరుగుతూ వుంటాడు. ఈ కథకి తొలి నిర్మాత వెరిటీ లాంబర్ట్ అనే ఇరవై ఏడేళ్ల యువతి. తొలి కథకి దర్శకుడు వారిస్ హుసేన్, ఇరవై నాలుగేళ్లవాడు, మన లక్నోలో పుట్టినవాడు. నవలా రచయిత్రి అతియా హుసేన్ గారి కుమారుడు. ఆ ఇంగ్లీషు డాక్టరుకి పురుడు పోసినవారిలో మన దేశపు బిడ్డ ఒకడున్నాడని ఎంతమందికి తెలుసు?

తగాదా ఇంట్లోనే మొదలైంది. ఈ కథని తలపెట్టిన సిడ్నీ న్యూమన్ అనే పెద్దమనిషి, పిల్లలకి కాస్త చరిత్ర, కాస్త సైన్సు అబ్బాలనీ, గుడ్లు మిటకరించే రాక్షసులు మాత్రం కనబడకూడదనీ ముందే ఆంక్ష పెట్టాడు. నెల తిరక్కుండా రెండో కథలో డాలెక్కులు వచ్చాయి. అవి కారంజల్లెడకి చక్రాలు తొడిగినట్టుండే లోహపు పెట్టెలు. లోపల దాక్కున్న జీవులు గరగర గొంతుతో ‘చంపేస్తాం’ అని అరుస్తాయి. న్యూమన్ గారికి ఒళ్లు మండింది. పిల్లలు మాత్రం సోఫా వెనక నక్కి, భయపడుతూనే, తల ఒకటి పైకి పెట్టి చూశారు. ‘సోఫా వెనకనుంచి చూడటం’ అనే మాట ఆ దేశంలో ఒక నానుడి అయిపోయింది. కథని ఇలా పాడుచేశారని మొట్టమొదట కోప్పడినవాడు దాని కన్నతండ్రే!

ఆ తరవాత మూడేళ్లకి పెద్ద చిక్కు వచ్చింది. డాక్టరు వేషం వేసే విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యం దెబ్బతిన్నది. ఆయన మానుకుంటే కథ ఆగిపోవాలి. అప్పుడు తట్టిన ఉపాయం సామాన్యమైంది కాదు. ఈ డాక్టరు జాతివారికి ప్రాణం మీదికి వస్తే దేహం మారిపోతుందిట. జ్ఞాపకాలు అవే, ముఖం వేరు, స్వభావం కూడా కొంత వేరు. 1966 అక్టోబరు 29న చిరచిరలాడే తెల్లజుట్టు ముసలాయన నేలమీద పడిపోయాడు. చూస్తూ వుండగానే పాట్రిక్ ట్రౌటన్ ముఖం తేలింది. కొత్తాయన కొంటెవాడు, కాస్త విదూషకుడి బాణీ.

మన పద్యనాటకాలు చూసినవారికి ఇందులో వింత తోచదు. ఒకే రాత్రి, ఒకే నాటకంలో, మొదటి కృష్ణుడు వేరు, రెండో కృష్ణుడు వేరు. పడకసీను ఒకరిది, రాయబారం ఒకరిది. నెమలిపింఛం ఒకటే గనక జనం కృష్ణుడనే దణ్ణం పెడతారు. తెల్లవారి ఇంటికి పోతూ దారిపొడుగునా మా కృష్ణుడు గొప్పంటే మా కృష్ణుడు గొప్పని వాదించుకుంటారు. ఇంగ్లండులోనూ అంతే. అక్కడివారు ‘నా డాక్టరు’ అనే మాట వాడతారు. సాధారణంగా తనకి ఏడెనిమిదేళ్ల వయసులో ఎవరు ఆ పెట్టె తలుపు తీసుకుని బయటికి వచ్చారో, వారే తన డాక్టరు. తక్కినవారందరూ మంచివాళ్లే కావచ్చు, అసలువాళ్లు కారు.

ఈ తగాదాలో తీర్పులు ఎలా తిరగబడతాయో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. 1976లో అభిమానుల సంఘం ఒకటి ఏర్పడింది. ఆ ఏడాది చివర్లోనే ‘ది డెడ్లీ అసాసిన్’ అనే కథ వచ్చింది. డాక్టరు స్వజాతివారి లోకాన్ని అందులో వివరంగా చూపించారు. అంతవరకూ దేవతల్లా కనబడినవారు ఇక్కడ పదవుల కోసం కుమ్ములాడుకునే ముసలివాళ్లుగా తేలారు. సంఘాధ్యక్షుడు నిప్పులు చెరిగాడు. ఈ కథలో ఇన్నాళ్లూ వున్న మహిమ ఏమైపోయిందని నిలదీశాడు. కాలం గడిచింది. ఇప్పుడు మేలైన కథలు ఏరమంటే అభిమానులు దాన్ని పై వరసలోనే పెడతారు. ఒక డాక్టరు పన్నెండుసార్లకి మించి దేహం మార్చుకోలేడన్న నిబంధన కూడా ఆ కథలోనే పుట్టింది. ఆనాడు అపచారమన్న కథలోంచి వచ్చిన నియమాన్నే తరవాతివారు వేదవాక్యంగా కాపాడారు. 2013లో ఆ లెక్క నిండిపోయి కొత్త ఆయుష్షు పొయ్యవలసి వచ్చినప్పుడు మళ్లీ అదో వాదం!

1985లో బి.బి.సి. వారు ఈ సీరియల్ని ఏడాదిన్నర పాటు ఆపారు. 1986లో తిరిగి వచ్చిన పద్నాలుగు భాగాల కథ అభిమానులకి రుచించలేదు. ప్రేక్షకుల అభిప్రాయాలు వినిపించే ‘ఓపెన్ ఎయిర్’ అనే కార్యక్రమానికి కొందరు కుర్రవాళ్లని పిలిచారు. వారిలో పదహారేళ్ల క్రిస్ చిబ్నల్ ఒకడు. ఆ కథలో కొన్ని భాగాలు రాసిన దంపతులు వింటూ వుండగానే, రచన ఇంకా బాగుండవలసిందని, అంతా అరిగిపోయిన బాణీయేనని తడుముకోకుండా చెప్పేశాడు. 1989 డిసెంబరులో సీరియల్ ఆగిపోయింది. మధ్యలో 1996లో ఒక్క సినిమా తప్ప పదహారేళ్లు టెలివిజన్ లో కొత్త కథ లేదు.

మళ్లీ దాన్ని లేపిందెవరు? ఆ అలిగినవాళ్లే. చిన్నప్పటినుంచీ చూస్తూ పెరిగిన రసెల్ టి. డేవిస్ 2005 మార్చిలో దాన్ని తిరిగి ప్రారంభిస్తే, తొలిరోజే కోటిమందికి పైగా చూశారు. ఆ తరవాత బాధ్యత తీసుకున్న స్టీవెన్ మొఫాట్ కూడా అభిమానే. 1974లో ఒక పదిహేనేళ్ల పిల్లవాడు ఈ సీరియల్ మీద వచ్చిన ప్రత్యేక సంచికని మెచ్చుకుంటూ ‘రేడియో టైమ్స్’ పత్రికకి రాసిన ఉత్తరం అచ్చయింది. అతని పేరు పీటర్ కాపాల్డీ. 2013లో ఆయనే డాక్టరు వేషం కట్టాడు. పాఠకుల ఉత్తరాలని తేలిగ్గా తీసిపారేసే సంపాదకులు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

ఇక 1986లో రచయితలని కడిగేసిన కుర్రవాడి సంగతి. 2018 నుంచి 2022 వరకూ సీరియల్ పగ్గాలు అతని చేతికే వచ్చాయి. అతని హయాంలోనే జోడీ విటేకర్ పదమూడో డాక్టరుగా వచ్చింది. ఆ వేషానికి ప్రధాన నాయికగా ఎన్నికైన మొదటి స్త్రీ. 2017లో ఆ వార్త చెప్పగానే అభిమానులు రెండుగా చీలారు. 2020లో అతను రాసిన కథలో, మనం మొదటి డాక్టరు అనుకుంటున్నాయన మొదటివాడు కాడు, ఆయనకి ముందు మనకి తెలియని జన్మలు చాలా వున్నాయని తేల్చాడు. దానితో గొడవ మిన్ను ముట్టింది. కథకి కొత్త లోతు వచ్చిందన్నారు కొందరు. పునాది తవ్వేశాడన్నారు ఇంకొందరు. పదహారేళ్లప్పుడు తాను అడిగిన ప్రశ్నలే యాభైయ్యేళ్ల వయసులో తనకి ఎదురొచ్చాయి.

ఆ చీలికనాటి మాట ఒకటి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. మా అక్కయ్య కొడుకు 2011 నుంచీ కార్డిఫ్ లో వుంటున్నాడు. ఈ సీరియల్ని 2005 నుంచీ తీస్తున్నది ఆ వేల్సు దేశంలోనే. వాడు వెళ్లినప్పుడు మాట్ స్మిత్ డాక్టరు గనక వాడికి ఆ మెడకి బో కట్టుకున్న కుర్రాడే డాక్టరు. “ఆడమనిషి వేస్తే తప్పని కాదు పిన్నీ, ఎందుకో నా మనసుకి పట్టలేదు” అనేవాడు. వాడి కూతురు నాలుగేళ్ల వయసునుంచీ చూసింది జోడీ విటేకర్ నే. 2022లో ఆవిడ వెళ్లిపోయి, పాత నటుడు డేవిడ్ టెనంట్ ముఖం తెరమీద కనబడగానే ఆ పిల్ల తెల్లబోయి, “డాక్టరు మగవాడు కూడా అవుతాడా నాన్నా?” అని అడిగిందిట. ఐదేళ్లనుంచీ తనకి తోచిన వాదాలన్నీ ఆ ఒక్క ప్రశ్నతో చల్లబడిపోయాయని మావాడే నవ్వుతూ చెప్పాడు.

పెద్దవాళ్లు కొత్త సీజన్ మీద తగువు పడేది చాలావరకు తమ బాల్యం కోసమేనని నాకు అనిపిస్తుంది. సోఫా వెనక నక్కిన ఆ భయం, ఆ శనివారం సాయంత్రం, పక్కన కూచున్న అమ్మా నాన్నా మళ్లీ కావాలి. అది ఏ రచయితా ఇవ్వలేడు. ఇవ్వలేదని అతన్ని తిట్టడం న్యాయం కాదు.

ఐతే అభిమానుల పక్షాన కూడా చెప్పవలసింది వుంది. మొదటి ఆరేళ్లలో తీసిన 253 భాగాల్లో తొంభైకి పైగా దొరకడం లేదు. టేపులు మళ్లీ వాడుకోవచ్చని, పాతవి ఎవరికి కావాలని, సొంత సంస్థే చెరిపేసింది. కాని ఆ పోయిన భాగాల్లో ప్రతి ఒక్కదాని శబ్దమూ దక్కింది. ఎలాగంటే, ఆ రోజుల్లో కొందరు పిల్లలు టెలివిజన్ ముందు టేపురికార్డరు పెట్టి, ఇంట్లోవాళ్లని నోరు మూసుకోమని బతిమాలి పట్టుకున్నారు. కన్నవారు పారేసినదాన్ని విన్నవారు దాచారు. అటువంటివారు ‘ఇది మాది’ అంటే కాదనడానికి నోరు రాదు.

నేను తరగతిలో మహాభారతం చెప్పేటప్పుడు ఏటా ఒక పేచీ వస్తుంది. నన్నయ గొప్పా, తిక్కన గొప్పా అని. ఎర్రన వంతు వచ్చేసరికి గంట కొట్టేస్తారు. కాని ఇటువంటి సీరియల్ కి పాఠం ఎర్రన దగ్గరే వుంది. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకుని, తనదైన వేరే బాణీలో నడిపాడు. మధ్యలో మిగిలిన ఖాళీని తరవాతెప్పుడో ఎర్రన పూరించాడు. పూరించి, తన ఏలిక పేర కాక, నన్నయకి ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రుడి పేరనే అంకితం నిలిపాడు. తిక్కనలా కొత్తదారి తొక్కవచ్చు, ఎర్రనలా అతుకు కనబడకుండా కలపవచ్చు. పాఠకుడు రెంటినీ మెచ్చుతాడు. అతుకు పిగిలితే మాత్రం వూరుకోడు. అభిమానుల తగువుల్లో సారమున్నవాటిని విడదీసి చూస్తే, అవి మార్పు మీద కావు, అతుకు మీదే.

2025 మే 31న ఈ తగాదా మళ్లీ రాజుకున్నది. రువాండాలో పుట్టి స్కాట్లండులో పెరిగిన షూటి గాట్వా, పదిహేనో డాక్టరు, రెండే సీజన్ల తరవాత ఆరోజు సెలవు పుచ్చుకున్నాడు. మారిన ముఖం బిల్లీ పైపర్ ది. 2005లో డాక్టరుకి తోడుగా తిరిగిన పిల్ల వేషం వేసింది ఆవిడే. ఇది చమత్కారమా, పాత పేరు చూపించి జనాన్ని పోగుచెయ్యడమా అని వాదం. అక్టోబరులో డిస్నీ కంపెనీ భాగస్వామ్యం ముగిసిందని, 2026 క్రిస్మస్ కి ఒక ప్రత్యేక కథ వుంటుందని బి.బి.సి. ప్రకటించింది. దానితో వాదం ఇంకా లోతుకి దిగింది. కొన్నేళ్లు పడుకోబెడితే కథకి మళ్లీ బలం వస్తుందని ఒక పక్షం. 1989లో ఇలాగే పడుకోబెడితే పదహారేళ్లు లేవలేదని రెండో పక్షం.

ఎవరిది నిజమో కాలం చెబుతుంది. కథని ఎంతైనా విమర్శించవచ్చు. వేషం వేసినవారి ఒంటి రంగునీ, ఆడా మగా తేడానీ పట్టుకుని నోరు పారేసుకోవడం విమర్శ కాదు. ‘ఇదీ ఒక కథేనా’ అని అలిగి తలుపు వేసుకున్న పదహారేళ్ల పిల్ల ఎక్కడో ఒక ఇంట్లో వుండే వుంటుంది. ఆ పిల్లని ఎవరూ బుజ్జగించి మాన్పించకండి. ఇంకో ముప్ఫయ్యేళ్లకి ఆ నీలం పెట్టె తాళం చెవి ఆ పిల్ల చేతిలో పడవచ్చు. అప్పుడు ఆవిడని కోప్పడడానికి మరో పదహారేళ్లవాడు తప్పకుండా సిద్ధంగా వుంటాడు.