రుచి మారలేదట, నాలుకే మారిందట!

ఎడిన్‌బర్గ్‌లో చిప్స్ కొట్టుకి వెళితే కౌంటర్ వెనకున్న మనిషి అడిగే మొదటి మాట "సాల్ట్ అండ్ సాస్?" అని. సాస్ అంటే టమాటా సాస్ అనుకునేరు. బ్రౌన్ సాస్‌లో వెనిగర్ కలిపి పల్చన చేసి, ప్లాస్టిక్ సీసాలో పోసుకుని, వేడి వేడి చిప్స్ మీద ధారగా చిలకరించే నల్లటి పులుపు అది. రైల్లో గంట దూరం కూడా లేని గ్లాస్గోలో ఇదే అడిగితే వింతగా చూస్తారు, అక్కడ ఉప్పూ వెనిగరూ తప్ప మరోటి తెలియదు. ఈ సాస్‌ని మెరుగుపరుస్తామని ఇంతవరకూ ఎవరూ బయల్దేరలేదు గనక ఎడిన్‌బర్గ్ ప్రశాంతంగా ఉంది. ఆ పొట్లంతోపాటు చేతిలోకి వచ్చే నారింజ రంగు డబ్బాకి మాత్రం అంత అదృష్టం దక్కలేదు. దాని పేరు ఐర్న్-బ్రూ.

తెలుగువాళ్లకి ఐర్న్-బ్రూ సంగతి చెప్పాలంటే ఆర్టోస్‌ని గుర్తుచేస్తే సరిపోతుంది. గోదావరి సీమలోని రామచంద్రపురంలో 1919లో మొదలైన ఆ కూల్‌డ్రింకు, కోకూ పెప్సీ ఊరూరా దిగిపోయాక కూడా తన చోటు తను వదులుకోలేదు. స్కాట్లండ్‌లో ఐర్న్-బ్రూదీ అదే కథ, కాకపోతే ఇంకా పెద్ద ఎత్తున. ఏ.జి. బార్ కంపెనీ దీన్ని 1901 నుంచి అమ్ముతోంది. పేరుకి తగ్గట్టు ఇందులో ఇనుము కూడా ఉంటుంది, అమ్మోనియం ఫెర్రిక్ సిట్రేట్ రూపంలో, 0.002 శాతం. హెరియట్-వాట్‌లోనో ఎడిన్‌బర్గ్ యూనివర్సిటీలోనో చదువుకోడానికి వచ్చిన మన కుర్రాడు మొదటిసారి తాగి, ఇదేదో బబుల్‌గమ్ నానబెట్టిన దగ్గు మందులా ఉందని మొహం చిట్లిస్తాడు. ఏడాది తిరిగేసరికి బిర్యానీలోకి అదే కావాలంటాడు.

2018 జనవరిలో బార్ కంపెనీ ఈ డ్రింకు ఫార్ములా మార్చింది. అంతకుముందు 100 మిల్లీలీటర్లలో 10.3 గ్రాముల చక్కెర ఉండేది. దాన్ని 4.7 గ్రాములకు తగ్గించి, ఆ లోటుని కృత్రిమ తీపితో నింపింది. 330 మిల్లీలీటర్ల డబ్బా లెక్కన చూస్తే 34 గ్రాముల చక్కెర పదిహేనున్నరకి దిగింది.

ఆ 4.7 అనే అంకె ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. 2016 బడ్జెట్‌లో అప్పటి ఆర్థికమంత్రి జార్జ్ ఆస్‌బోర్న్ తీపి డ్రింకుల మీద పన్ను ప్రకటించారు. అది 2018 ఏప్రిల్ 6 నుంచి అమల్లోకి వచ్చింది. 100 మిల్లీలీటర్లలో చక్కెర 5 గ్రాములు ఉంటే అప్పట్లో లీటరుకి 18 పెన్నీలు, 8 గ్రాములు ఉంటే 24 పెన్నీలు. పాత ఐర్న్-బ్రూ డబ్బా మీద ఈ లెక్కన పడేది సుమారు ఎనిమిది పెన్నీలు. గీత 5 దగ్గర ఉంటే కంపెనీ 4.7 దగ్గర ఆగింది. రుచి చూసి నిర్ణయించిన అంకె అయితే ఇంత కచ్చితంగా గీత కింద పడేది కాదు.

జనానికి కోపం తెప్పించింది చక్కెర తగ్గడం ఒక్కటే కాదు. ఎక్కువమందికి తేడాయే తెలియదని కంపెనీ చెప్పడం. రోజూ తాగేవాడి నాలుకకి తేడా తెలియదంటే, తేడా ఉందన్నవాడు లేనిపోనిది ఊహించుకుంటున్నాడనేగా అర్థం! పాత ఫార్ములాని ముట్టుకోవద్దంటూ వేలమంది సంతకాలు పెట్టారు. కొంతమంది షాపుల్లో మిగిలిన పాత సరుకు కేసులకు కేసులు కొని ఇంట్లో దాచారు. పాత డబ్బాలు ఇంటర్నెట్‌లో వేలానికి కూడా వచ్చాయి. బయటివాళ్లకి నవ్వులాటగా కనిపించింది గానీ, ఆవకాయలో ఆవపిండి సగం తగ్గించి తేడా తెలియదని ఎవరైనా మనతో అంటే మనమూ ఊరుకోం.

ఇక్కడ ప్రభుత్వాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. పన్ను అనుకున్న పని చేసింది. దాని పరిధిలోకి వచ్చే డ్రింకుల్లో సగటు చక్కెర నాలుగైదేళ్లలోనే దాదాపు సగానికి పడిపోయింది. పిల్లల పళ్లకీ పెద్దల నడుములకీ అది మంచిదే. తప్పల్లా మార్పు సంగతి గట్టిగా చెప్పకుండా గొంతు తగ్గించడంలో ఉంది. అలాంటి మార్పు తెలియకపోతే ఎంత ప్రమాదమో లూకోజేడ్ చూపించింది. ఒకప్పుడు మన ఇళ్లలో జ్వరం వచ్చినవాళ్లకి గ్లూకోన్-డి కలిపి ఇచ్చినట్టు, బ్రిటన్‌లో లూకోజేడ్ తాగించేవారు. షుగర్ జబ్బు ఉన్నవాళ్లు ఒంట్లో చక్కెర హఠాత్తుగా పడిపోతే తాగడానికి ఆ సీసా దగ్గర పెట్టుకునేవారు. 2017లో లూకోజేడ్ కూడా చక్కెర బాగా తగ్గించింది. ఇదివరకటంత తాగితే సరిపోదు, లేబుల్ చూసి తాగండి అని షుగర్ రోగుల సంఘాలు ప్రత్యేకంగా హెచ్చరించాల్సి వచ్చింది. పేరు అదే, రంగు అదే, కాని మందులా వాడుకునేవాళ్లకి మోతాదు మారిపోయింది.

ఐర్న్-బ్రూ కథ అక్కడితో ఆగి ఉంటే, పోనీలే, అలవాటు పడ్డారు అనుకోవచ్చు. 2019 డిసెంబర్లో బార్ కంపెనీ "ఐర్న్-బ్రూ 1901" అని ఒకటి తెచ్చింది. కంపెనీ పాత చేతిరాత పుస్తకంలో ఉన్న ఫార్ములా అట, నిండా చక్కెర, కృత్రిమ తీపి లేదు, కెఫీన్ కూడా లేదు. మొదట కొన్నాళ్లకే అన్నారు. జనం ఎగబడి కొనడంతో 2021లో దాన్ని శాశ్వతం చేశారు. మామూలు ఐర్న్-బ్రూ కంటే దీని ధర ఎక్కువ. చక్కెర పన్ను కొనేవాడి జేబులోంచే వెళుతుంది మరి. మరో చమత్కారం ఏమిటంటే, జనం అడిగింది 2017 నాటి రుచి, దొరికింది 1901 నాటిది. రెండూ ఒకటి కావు. తరాల తరబడి చిల్లర డబ్బుతో కొనుక్కున్న రుచి పోయింది, దాని ముత్తాత మాత్రం మంచి బట్టలు కట్టుకుని షెల్ఫులో పై వరసకి ఎక్కింది.

గీత మళ్లీ జరుగుతోంది కూడా. 2028 జనవరి నుంచి పన్ను 5 గ్రాముల దగ్గర కాకుండా 4.5 గ్రాముల దగ్గరే మొదలవుతుందని బ్రిటన్ ప్రభుత్వం 2025 నవంబర్లో ప్రకటించింది. 2018లో 4.7 దగ్గర ఆగినవాళ్లందరూ ఇంకో చిటికెడు తియ్యాలి. అప్పుడు కూడా తేడా తెలియదనే అంటారేమో చూడాలి.

కంపెనీలు అబద్ధం చెబుతున్నాయని కాదు. వాళ్ల దగ్గర పరీక్షలు ఉంటాయి, వాటి ఫలితాలూ ఉంటాయి. చిక్కంతా ఆ పరీక్షలతోనే. కొత్త కోక్‌ని 1985 ఏప్రిల్ 23న అమెరికాలో విడుదల చేసేముందు కోకాకోలా దాదాపు రెండు లక్షలమందికి రుచి చూపించింది. ఎక్కువమంది కొత్తదే బాగుందన్నారు. గుక్కెడు తాగమంటే ఎవరికైనా తియ్యగా ఉన్నదే నచ్చుతుంది. ఇంటికి తెచ్చుకుని భోజనంతో సీసా అంతా తాగేసరికి మొహం మొత్తింది. అసలు పాతది ఇక దొరకదన్న సంగతే ఆ పరీక్షల్లో ఎవర్నీ సూటిగా అడగలేదు. 79 రోజుల్లో, జులై 11న, పాత కోక్‌ని మళ్లీ తెస్తున్నామని ప్రకటించారు.

అదే కంపెనీ 1993లో రమేశ్ చౌహాన్ దగ్గర్నుంచి థమ్స్ అప్‌నీ గోల్డ్ స్పాట్‌నీ కొన్నప్పుడు, ఆ పాఠం సగమే గుర్తున్నట్టుంది. ఫాంటాకి దారి ఇవ్వడానికి గోల్డ్ స్పాట్‌ని ఆపేశారు. ఆ నారింజ తీపి తెలిసినవాళ్లు ఇప్పుడు నడివయసులో ఉంటారు, ఫాంటా వాళ్లకి ఇప్పటికీ సవతి బిడ్డే. థమ్స్ అప్‌ని కూడా పక్కన పెట్టి కోక్‌ని ముందుకు తోద్దామని చూశారు గానీ, అది సాగలేదు. ఆ ఘాటుని ఎవరూ తగ్గించలేదు గనకే ఈ రోజుకీ హైదరాబాద్‌లో బిర్యానీ పక్కన అదే నిలబడుతోంది.

మెరుగుదల అంటే రుచి ఒక్కటే కాదు. ఐర్న్-బ్రూ గాజు సీసా సంగతి చూడండి. వందేళ్లకు పైగా బార్ కంపెనీ ఖాళీ సీసా తెచ్చిస్తే డబ్బు తిరిగి ఇచ్చేది. చివర్లో 750 మిల్లీలీటర్ల సీసాకి 30 పెన్నీలు. మన కిరాణా కొట్లో ఖాళీ సోడా సీసా ఇస్తేనే నిండుది ఇచ్చిన రోజుల్లాంటివే అవి. స్కాట్లండ్ పిల్లలు ఇరుగుపొరుగు ఇళ్ల ఖాళీ సీసాలు మోసుకెళ్లి, వచ్చిన చిల్లరతో మిఠాయిలు కొనుక్కునేవారు. సీసాలు సగానికి సగం తిరిగి రావడం లేదని, కొత్త యంత్రాలు పెడుతున్నామని చెప్పి కంపెనీ 2015 డిసెంబర్ 31తో ఆ పద్ధతి ముగించింది. వ్యాపారం లెక్కలో అది సబబే కావచ్చు.

తర్వాత జరిగింది మాత్రం నాటకంలా ఉంటుంది. ఖాళీ సీసాలూ డబ్బాలూ తిరిగి ఇస్తే 20 పెన్నీలు వచ్చేలా స్కాట్లండ్ ప్రభుత్వం దేశమంతటికీ ఒక కొత్త పథకం మొదలుపెట్టబోయింది. అది వాయిదా మీద వాయిదా పడింది. గాజుని కలపడానికి వీల్లేదని లండన్ ప్రభుత్వం పట్టుబట్టింది. పథకాన్ని నడపడానికి పెట్టిన సంస్థ 2023 జూన్‌లో చేతులెత్తేసింది. ఇప్పుడు 2027 అక్టోబర్ అంటున్నారు. ఈసారి ప్లాస్టిక్ సీసాలకీ లోహపు డబ్బాలకే, గాజుకి చోటు లేదు. చట్టమూ మంత్రులూ లేకుండా వందేళ్లు నడిచిన ఏర్పాటులో ఉన్నది గాజు సీసాయే!

ఇక సీసా నుంచి బిస్కెట్ దగ్గరికి వద్దాం. ఎడిన్‌బర్గ్ నుంచి ప్రపంచానికి వెళ్లిన సరుకుల్లో అన్నిటికంటే దూరం ప్రయాణించింది బహుశా బిస్కెట్టే. 1830లో రోజ్ స్ట్రీట్‌లో రాబర్ట్ మెక్‌విటీ పెట్టిన దుకాణం పెరిగి పెద్దదై, గోర్గీ పేటలో ఫ్యాక్టరీగా మారింది. అక్కడ పనిచేసిన అలెగ్జాండర్ గ్రాంట్ 1892లో తయారుచేసిందే డైజెస్టివ్ బిస్కెట్. ఆ బిస్కెట్ల మీద సంపాదించిన డబ్బులోంచి ఆయన రెండు లక్షల పౌండ్లు ఇచ్చాడు గనకే ఈ ఊళ్లో జార్జ్ ది ఫోర్త్ బ్రిడ్జ్ మీద స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం నిలబడి ఉంది. అక్కడ పుస్తకం తెరిచి కూర్చున్న ప్రతివాడూ ఒక రకంగా బిస్కెట్ తిన్నట్టే.

ఆ మెక్‌విటీస్ పేరుతోనే అమ్ముతున్న పెంగ్విన్, క్లబ్ బార్లని 2025లో చాక్లెట్ బిస్కెట్లు అనడానికి వీల్లేకుండా పోయింది. కోకో ధర చుక్కలనంటింది. 2024 డిసెంబర్లో టన్ను 12,000 డాలర్లు దాటింది. ఇప్పటి యజమాని ప్లాడిస్ కంపెనీ కోకో తగ్గించి, పామాయిలూ షియా నూనే పెంచింది. బ్రిటన్ నిబంధనల ప్రకారం మిల్క్ చాక్లెట్ అనిపించుకోవాలంటే కనీసం 20 శాతం కోకో ఉండాలి. అంతకి తగ్గేసరికి రేపర్ మీద మాట "చాక్లెట్ ఫ్లేవర్" అయింది. ఇక్కడా కంపెనీ మాట అదే, వినియోగదారులతో పరీక్షలు చేయించాం, రుచి ఎప్పటిలాగే ఉంది అని.

నోట్లో ఏం జరుగుతుందో చూస్తే ఆ మాట నిలబడదు. కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంటే నోటి వేడికి కరిగి జారిపోతుంది, చాక్లెట్ సుఖమంతా అందులోనే ఉంది. వేరే కొవ్వులు అంత తేలిగ్గా జారవు. డాల్డాతో చేసిన మైసూర్‌పాక్ తిన్నాక అంగిలికి పట్టుకునే జిడ్డు తెలిసినవాళ్లకి ఈ సంగతి ప్రయోగశాల చెప్పనక్కర్లేదు. మన దగ్గర ఐస్‌క్రీమ్ బండి మీద కూడా ఇదే తంతు నడుస్తోంది. పాల కొవ్వు బదులు వంటనూనె వాడిన సరుకుని ఐస్‌క్రీమ్ అనకూడదు, "ఫ్రోజెన్ డెజర్ట్" అనాలి. ఆ తేడా ఎత్తిచూపుతూ అమూల్ ప్రకటన ఇస్తే, అలాంటివే అమ్మే హిందుస్తాన్ యూనిలీవర్ బాంబే హైకోర్టుకెక్కింది. 2017లో కోర్టు ఆ ప్రకటనని ఆపమంది. పేరు మార్చి అమ్ముకోవచ్చు గానీ, పేరెందుకు మారిందో పక్కవాడు టీవీలో చెప్పకూడదన్నమాట.

వెనక్కి తగ్గిన కంపెనీలూ లేకపోలేదు. టోబ్లరోన్ 2016లో బ్రిటన్‌లో అమ్మే బార్ల ముక్కల మధ్య సందులు పెంచి 170 గ్రాములని 150 చేసింది. పళ్లూడిన దువ్వెనలా ఉందని జనం నవ్విపోయారు. రెండేళ్లకి పాత ఆకారం తిరిగి వచ్చింది. సందు కంటికి కనిపిస్తుంది, ఫొటో తీసి నలుగురికీ పంపొచ్చు. అంగిలికి పట్టిన జిడ్డుని ఫొటో ఎవరు తీస్తారు? పెంగ్విన్‌కి అదే కలిసొచ్చింది.

కోకో ధర మాత్రం 2025 చివరికి ఆ శిఖరం నుంచి సగానికి దిగింది. ధర ఎక్కినప్పుడు చాక్లెట్ దిగిపోయింది గనక, ధర దిగినప్పుడు చాక్లెట్ మళ్లీ ఎక్కాలి కదా! ఎక్కితే, "సరికొత్త, మరింత చాక్లెట్‌తో" అని రేపర్ మీద పెద్దక్షరాలతో ముద్రించి, ధర మరో పదిపెన్నీలు పెంచి మరీ అమ్ముతారు.