పెట్టెలోంచి తీయని ఆయుధం



పోయిన వారం సీతంపేట ఐటీడీఏ ఆఫీసు దగ్గర టీ కొట్లో ఒక తమ్ముడు నా ముందు ఫోను పెట్టాడు. కొండ కింది ఊళ్లో ఎస్సీ పేట కుర్రాడు, డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఫోనులో ఒక వీడియో. ఎవరో విదేశీయుడు అరచేతిలో ఇమిడిపోయే కొత్త పిస్టల్‌ని పెట్టెలోంచి తీసి, తుడిచి, నూనె రాసి, దాన్ని ఎలా అలవాటు చేసుకోవాలో ఓపిగ్గా చెబుతున్నాడు.

"ఏటన్నా అలా చూస్తున్నావు? అట్రాసిటీ రూల్స్‌లో మనకీ లైసెన్సు ఇవ్వొచ్చని రాసుంది గదా. మరి మనమెందుకు అడగం?"

నవ్వేసి ఊరుకునే ప్రశ్న కాదు. వాళ్ల నాన్న పేరున ఎకరం డి-పట్టా ఉంది. గట్టు తగువు మూడేళ్లుగా నడుస్తోంది. అవతలి వాళ్లింట్లో తుపాకీ ఉందని ఊరంతా చెప్పుకుంటారు. అది పేలలేదు, బహుశా పేలదు కూడా. కానీ ఆ ఇంటి ముందు నుంచి పోయేటప్పుడు వాళ్ల నాన్న తల దించుకుంటాడు. ఆ తుపాకీ చేసే పని అదే.

ముందు రూలు సంగతి. తమ్ముడు చెప్పింది నిజమే. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నిబంధనల్లో 3వ రూలు చదవండి. అవసరమనుకుంటే ఎస్సీ, ఎస్టీలకు ప్రాణ రక్షణకీ, ఆస్తి రక్షణకీ ఆయుధ లైసెన్సులు ఇవ్వాలని అందులో ఐదో అంశం. మనవాళ్లు అంతవరకు చదివి ఆగిపోతారు. దాని పైనున్న నాలుగూ చదవరు. ఒకటి, అత్యాచారం జరిగే ప్రమాదమున్న ప్రాంతాన్ని ముందే గుర్తించాలి. రెండు, కలెక్టరో ఎస్పీయో అక్కడికెళ్లి పరిస్థితి చూడాలి. మూడు, అవసరమైతే ఆ ప్రాంతంలో ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ల లైసెన్సులు రద్దుచేసి తుపాకులు ప్రభుత్వ ఆయుధాగారంలో జమ చేయించాలి. వాళ్ల బంధువులవీ, పాలేర్లవీ, స్నేహితులవీ కూడా. నాలుగు, దొంగ తుపాకులు పట్టుకోవాలి. ఇవన్నీ అయ్యాక ఐదోది, మనకి లైసెన్సు.

ఈ వరుస నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. ఎందుకో చెప్పే ముందు ఆ వీడియో దగ్గరికి వస్తాను.

నాతో చదువుకున్న స్నేహితుడొకడు ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ఉన్నాడు. వాడికి ఫోన్ చేసి అడిగాను, చిన్న పిస్టల్ కొన్నవాడికి వెంటనే పనికొస్తుందా అని. వాడు చెప్పింది ఇది. పిస్టల్ ఎంత చిన్నదైతే అంత మొండిది. స్ప్రింగు బిగువుగా ఉంటుంది, స్లైడు వెనక్కి లాగడమే కష్టం. గొట్టం పొట్టి కాబట్టి చెయ్యి వెంట్రుకవాసి కదిలినా గురి జానెడు తప్పుతుంది. బరువు తక్కువ కాబట్టి దెబ్బ ఎదురు తంతుంది. కొత్త మ్యాగజైనులో ఆఖరి గుండు ఎక్కించాలంటే బొటనవేలు నొప్పెడుతుంది. మణికట్టు వదులైతే చాలు, ఖాళీ తూటా బయటికి రాకుండా అడ్డంగా ఇరుక్కుంటుంది. అందుకే వంద, రెండొందల గుళ్లు కాల్చి, ఎక్కడ మొరాయిస్తోందో చూసుకుని, అప్పుడు నడుముకి పెట్టుకుంటారు. తర్వాత కూడా సాధన ఆగకూడదు. "పెట్టెలో పెట్టి తాళమేసిన పిస్టల్ కంటే చేతికర్ర నయంరా" అన్నాడు వాడు.

ఇప్పుడు లెక్క చూద్దాం. వీడియోలోని తొమ్మిది మిల్లీమీటర్ల రకం మన దేశంలో మామూలు మనిషికి లైసెన్సు మీద రాదు. వచ్చేది .32 బోరు. 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం నిర్భీక్ అని ఒక చిన్న రివాల్వర్ తెచ్చింది. ఢిల్లీ ఘటన తర్వాత ఆడవాళ్ల రక్షణకని చెప్పి అమ్మారు. అప్పుడే దాని ధర లక్షా ఇరవై వేలు దాటింది. జీడిపిక్కలు ఏరే అమ్మ, పైనాపిల్ బుట్ట నెత్తినెట్టుకుని సంతకి దిగే సవర అక్క ఎన్నేళ్లు కూడబెడితే ఆ డబ్బవుతుంది? తుపాకీ కొన్నాక గుళ్లు కొనాలి. ఏడాదికి ఎన్ని కొనొచ్చో పరిమితి ఉంటుంది, ప్రతి గుండుకీ లెక్క చెప్పాలి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం భద్రతా శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ కావాలి. కాల్చి నేర్చుకోవడానికి రేంజి కావాలి. మన కొండల్లో రేంజి ఎక్కడుంది?

అంటే ఈ దేశంలో ఆయుధం ఎప్పుడూ డబ్బున్నవాడిది, తీరికున్నవాడిది, స్టేషన్లో కుర్చీ వేయించుకోగలిగినవాడిది. 1878 ఆయుధ చట్టంతో తెల్లదొరలు దేశాన్ని నిరాయుధం చేశారని బడిలో చెప్తారు. మనల్ని అంతకు వేల ఏళ్ల ముందే కులం నిరాయుధం చేసిందని చెప్పరు. బాబాసాహెబ్ 1936లో కులనిర్మూలనలో ఈ మాటే రాశాడు. యూరప్‌లో బలహీనుడి చేతిలో సైనిక సేవ, ఓటు, చదువు అనే మూడు ఆయుధాలుండేవి, మన దేశంలో చాతుర్వర్ణ్యం ఆ మూడూ లేకుండా చేసిందని ఆయన వాదన. తుపాకీ గురించి మాట్లాడేటప్పుడు మిగతా రెండూ మర్చిపోకండి.

ఇక మన కొండల సంగతి. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం సభకి వెళ్తున్నవాళ్లని లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డుకున్నారు. తుపాకీ పేలింది. కోరన్న, మంగన్న చనిపోయారు. నిందితులని కోర్టు వదిలేసింది. ఆ తర్వాతే శ్రీకాకుళం కొండలు తుపాకీ పట్టాయి. 1970 జూలై నాటికి వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ పోలీసు కాల్పుల్లో పోయారు. వాళ్లతో పాటు పోయిన సవరల, జాతాపుల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? ఆ పోరాటం నడుస్తుండగానే 1/70 చట్టం వచ్చింది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుడికి చెల్లదని అందులో స్పష్టంగా ఉంది. సీతంపేట రోడ్డు మీద ఒకసారి నడవండి. ఏ కొట్టు ఎవరిదో, ఏ తోట ఎవరి సాగులో ఉందో అడగండి. ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ఆ చట్టం కూడా ఎక్కువ భాగం పెట్టెలోనే ఉంది.

ఇంకా దగ్గరి సంగతి లక్ష్మీపేట. వంగర మండలం. 2012 జూన్ 12న ఐదుగురు దళితుల్ని చంపారు. నాటుబాంబులు, బరిసెలు వాడారు. తగువు మడ్డువలస రిజర్వాయరు కింద సేకరించిన భూమి మీద. ఒక్క రోజులో పుట్టిన తగువు కాదది. ఒక మాట సూటిగా అడుగుతాను. ఆ రోజు ఒక దళితుడి ఇంట్లో చిన్న పిస్టల్ ఉంటే ఏమయ్యేది? పొద్దున్నే గుంపుగా వచ్చిపడినవాళ్ల ముందు ఏడెనిమిది గుళ్లు ఎంతసేపు? కానీ అంతకు ముందే లక్ష్మీపేటని ప్రమాదమున్న ప్రాంతంగా గుర్తించి, ఆ బాంబులూ బరిసెలూ వెతికి పట్టుకుని ఉంటే?

అందుకే వరుస ముఖ్యం అన్నాను. "మాకు తుపాకీ ఇవ్వండి" అనే ముందు "వాళ్ల తుపాకీ తీసుకోండి" అనాలి. మొదటిది ఒక ఇంటిని కాపాడుతుందేమో. రెండోది పేటనంతా కాపాడుతుంది.

అలాగని లైసెన్సు హక్కు వదులుకోమని నేను చెప్పను. అహింస పాఠం మనకే ఎందుకు చెప్తారు, అవతలి ఇంటికెళ్లి చెప్పరెందుకు? ప్రమాదం నిజంగా ఉన్న కుటుంబం అర్జీ పెట్టాలి. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు నిరాకరిస్తే అధికారి కారణాలు రాతలో నమోదు చేయాలి, అప్పీలుకి దారి ఉంది. కానీ కళ్లు తెరుచుకుని పెట్టండి. ఒంటిగది ఇంట్లో పిల్లల మధ్య తుపాకీ ఎక్కడ దాస్తారు? మన్యంలో అడివిపందుల్ని తోలడానికి నాటు తుపాకీ పట్టుకున్న గిరిజనుణ్ని కూడా ముందు "అన్నలతో నీకేం పని" అనే అడుగుతారు. పెద్దోడి నడుముకున్న పిస్టల్ హోదా. మనోడి నడుముకుంటే కేసు.

నువ్వు సాధన చేయాల్సిన ఆయుధం 3వ రూలు, తమ్ముడూ. రూల్స్ వచ్చి ముప్పై ఏళ్లు. ఆర్టీఐ కింద మూడే ప్రశ్నలు వెయ్యి. మన పార్వతీపురం మన్యం జిల్లాలో ఈ రూలు కింద ఏ ఊళ్లని గుర్తించారు? ఎవరి లైసెన్సులు రద్దు చేశారు? జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి, మినిట్స్ ఏవి? జవాబు రాకపోతే అప్పీలుకి వెళ్లు. ఎస్సీ, ఎస్టీ కాని అధికారి కావాలని విధి తప్పితే అట్రాసిటీ చట్టం 4వ సెక్షన్ కింద ఆర్నెల్ల నుంచి ఏడాది దాకా జైలు ఉంది. అది కూడా ఎవరూ పేల్చని గుండే.

మొదటి అర్జీ మొరాయిస్తుంది. సెక్షన్ తప్పు రాస్తాం, రసీదు తీసుకోవడం మర్చిపోతాం, గుమాస్తా రేపు రమ్మంటాడు. ఎక్కడ ఇరుక్కుంటుందో రాసుకుని రెండోది పెడతాం. పదో అర్జీకి చెయ్యి వణకదు. ఆ చెయ్యి పేటకి పదిమందికుంటే చాలు.

కాగితంతో ప్రాణం నిలుస్తుందా అని తమ్ముడు అడిగాడు. హామీ ఇవ్వలేనన్నాను. పిస్టల్ కూడా ఇవ్వదు. మేమిద్దరం అక్కడే, టీ కొట్టు బల్ల మీద, కలెక్టరుకి ఒక అర్జీ రాశాం. అవతలి ఇంటి తుపాకీకి లైసెన్సుందా, ఉంటే ఎందుకు జమ చేయించలేదు అని. కింద వాళ్ల నాన్న సంతకం. వచ్చే భాగంలో దానికొచ్చిన జవాబు రాస్తాను. రాకపోతే అదీ రాస్తాను.